జీవామృతం ఫిల్టరు: చేసిన రోజు వీడియో కాదు, నెల తర్వాత వీడియో చూడాలి



పై వీడియోలో మా పొలంలో జీవామృతాన్ని డ్రిప్పుకు ఎలా ఎక్కిస్తున్నామో చూశారు. వీడియో పది నిమిషాల్లో అయిపోయింది గానీ, ఆ ఏర్పాటు కుదరడానికి మాకు రెండు పంటలు పట్టింది. ఈలోపు రెండు ఫిల్టర్లు షెడ్డులో మూలన పడ్డాయి. అవి ఎందుకు పడ్డాయి, మూడోది ఎందుకు నిలబడింది అనేదే ఈ రోజు పాఠం. అచ్చం మాలాగే చేసుకోమని చెప్పడం లేదు. మీ పొలానికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతున్నాను. ఈ పద్ధతి నా సొంతం కాదు. యంత్రాలు, పనిముట్లు ఎలా రూపొందించాలి అనే దానిమీద ఇంజనీరింగ్ డిజైన్ పరిశోధకులు కొన్ని దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. వాళ్ళు చెప్పిందాన్ని నేను డ్రమ్ము దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నాను, అంతే.

అసలు ఏం జరిగింది

మాది రెండెకరాల ఎర్రనేల. టమాటా, వంగ, గట్ల మీద బంతి. ఎకరానికి 200 లీటర్ల చొప్పున జీవామృతం. లెక్క మీ అందరికీ తెలిసిందే: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. మొదట్లో బిందెలతో మొదళ్ళలో పోసేవాళ్ళం. రెండెకరాలు పోసేసరికి మా ఆవిడకి నడుము పట్టేసేది. అందుకే డ్రిప్పులో ఇద్దామనుకున్నాం.

ఫోనులో ఒక వీడియో చూసి, డ్రమ్ము మూతికి దోమతెర కట్టి వడగట్టాను. నెల తిరిగేసరికి చివరి వరుసల్లో టమాటా వాడిపోవడం మొదలైంది. నీళ్ళు పెడుతూనే ఉన్నాం, మొక్కకు అందడం లేదు. మండు వేసవిలో కాయ పట్టే సమయానికి ఆ వరుసలు పోయాయి. ఇంకో వీడియో చూసి పీవీసీ గొట్టానికి బెజ్జాలు వేసి, సన్న నైలాన్ జాలీ చుట్టి రెండో ఫిల్టరు చేశాను. అది ప్రతి పది నిమిషాలకూ మూసుకుపోయేది. కడగడమే ఒక కూలి పని అయింది. చివరికి మళ్ళీ బిందెలే.

ఆ రెండు వీడియోలూ అబద్ధం కాదు. రెండింటిలోనూ జీవామృతం చక్కగా దిగింది. కానీ రెండూ ఫిల్టరు చేసిన రోజు తీసినవి. నెల తర్వాత అది ఎలా ఉందో ఎవరూ చూపించలేదు. మనమూ అడగలేదు.

చూసింది చూసినట్టే చేస్తాం, తప్పుతో సహా

ఇది మన రైతులకే ఉన్న అలవాటు అనుకోకండి. 1991లో అమెరికాలో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష గురించి రాశారు. వాళ్ళలో ఒకరిది ఇంజనీరింగ్, ఇంకొకరిది మనస్తత్వ శాస్త్రం. ఇంజనీరింగ్ విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒలకని కాఫీ కప్పు గీయమన్నారు. స్ట్రా వాడొద్దు, నోట్లో పెట్టుకునే గొట్టం వాడొద్దు అని ముందే చెప్పారు. ఒక గుంపుకు మాత్రం నమూనా బొమ్మ ఒకటి ఇచ్చారు. ఆ బొమ్మలో స్ట్రా ఉంది. వద్దని చెప్పినా సరే, బొమ్మ చూసిన వాళ్ళలో చాలామంది స్ట్రా గీశారు. నమూనాలో ఉన్న లోపాలు వాళ్ళ బొమ్మల్లోకి దిగిపోయాయి. దీన్ని వాళ్ళు డిజైన్ ఫిక్సేషన్ అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే, ముందు చూసిన దానికి బుర్ర అతుక్కుపోవడం.

నేను కూడా అంతే. మొదటి వీడియోలో దోమతెర చూశాక, వడగట్టడం తప్ప ఇంకో దారి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. రెండోసారి జాలీ మార్చాను గానీ ఆలోచన మార్చలేదు.

అలాగని వీడియోలు చూడొద్దా అంటే, తప్పకుండా చూడండి. కాకపోతే మీ అవసరం ఏమిటో కాగితం మీద రాసుకున్నాకే చూడండి.

ముందు చూడు, తర్వాత చెయ్యి, మళ్ళీ చూడు

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమరేశ్ చక్రబర్తి అనే డిజైన్ ఆచార్యులు ఉన్నారు. ఆయన, లూసియెన్ బ్లెస్సింగ్ అనే ఆచార్యురాలు కలిసి డిజైన్ పరిశోధన ఎలా చేయాలో 2009లో ఒక పుస్తకం తెచ్చారు. వాళ్ళ బాధ వింటే మన బాధ లాగానే ఉంటుంది. డిజైన్ చేయడానికి కొత్త పద్ధతులు బోలెడు చెబుతున్నారు గానీ, అవి నిజంగా పనిచేశాయా లేదా అని తిరిగి చూసేవాళ్ళు తక్కువ అన్నది వాళ్ళ మాట. అందుకని నాలుగు మెట్లు చెప్పారు.

1. ఏం బాగుపడాలి, బాగుపడిందని దేన్ని బట్టి తెలుస్తుంది అనేది తేల్చుకోవాలి.
2. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటో, ఎందుకు జరుగుతోందో దగ్గరుండి చూడాలి.
3. ఆ తర్వాతే ఉపాయం చేయాలి.
4. ఉపాయం పెట్టాక మళ్ళీ చూడాలి. ముందు పెట్టుకున్న కొలతకు చేరిందా లేదా తేల్చాలి.

మనం సాధారణంగా మూడో మెట్టు మీదికి ఒకేసారి దూకుతాం. ఒకటీ రెండూ వదిలేస్తాం, నాలుగోది మర్చిపోతాం. నా రెండు ఫిల్టర్లూ అలా పోయినవే. మూడోసారి మాత్రం మెట్టు మెట్టుగా వెళ్ళాను.

మొదటి మెట్టు: అవసరాన్ని రాయండి, పనిముట్టు పేరు రాయకండి

"నాకు మంచి ఫిల్టరు కావాలి" అని రాస్తే అక్కడే తప్పు. ఫిల్టరు అన్నారంటే జవాబు ముందే చెప్పేసినట్టు. "డ్రిప్పర్లు మూసుకుపోకుండా, బిందె మోయకుండా, రెండెకరాలకు జీవామృతం అందాలి" అని రాయాలి.

మన చింతకింది మల్లేశం గారిని గుర్తు చేసుకోండి. ఆయన 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, 1999లో పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పనితో వాళ్ళ అమ్మగారి భుజం నొప్పి చూసి ఆయన మొదలుపెట్టారు. ముందు అమ్మ కష్టం ఉంది, యంత్రం తర్వాత వచ్చింది. ఆ యంత్రానికి అమ్మ పేరే, లక్ష్మి అని పెట్టుకున్నారు.

జర్మనీలో పాల్, బైట్స్ అనే ఇద్దరు ఆచార్యులు 1977లో రాసిన డిజైన్ పుస్తకం ఇప్పటికీ ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుతారు. వాళ్ళు అవసరాలను రెండు రకాలుగా విడగొట్టమన్నారు: తప్పనిసరి, ఉంటే మంచిది. వీలైన చోటల్లా అంకె వేయమన్నారు. నేను రాసుకున్న చిట్టా ఇది:

తప్పనిసరి
– నాలుగుసార్లు జీవామృతం ఇచ్చాక కూడా ప్రతి డ్రిప్పరు సరిగా కారాలి.
– ఒక్క మనిషి చేయగలగాలి. నడుము ఎత్తు దాటి బరువు లేపకూడదు.
– కడగడానికి పది నిమిషాలు మించకూడదు.
– విడి భాగాలు మా మండల కేంద్రంలోనే దొరకాలి.

ఉంటే మంచిది
– అదనంగా ఇంకో మోటారు వద్దు.
– గంటన్నరలో ఒక డ్రమ్ము దిగిపోవాలి.

"సరిగా కారాలి" అంటే ఎలా తెలుస్తుంది? మా డ్రిప్పర్లు గంటకు 4 లీటర్లవి. అంటే 3 నిమిషాలకు 200 మిల్లీలీటర్లు రావాలి. లైను మొదట్లో, మధ్యలో, చివర కొన్ని డ్రిప్పర్లు గుర్తుపెట్టుకుని, కింద గిన్నె పెట్టి, ఫోనులో 3 నిమిషాలు చూసి, కొలగిన్నెతో కొలవడమే. 150 కంటే తగ్గితే మూసుకుపోతున్నట్టు లెక్క వేసుకున్నాను. మీ డ్రిప్పరు ఎన్ని లీటర్లదో చూసి మీ అంకె మీరు వేసుకోండి. ఈ చిన్న కొలత లేకపోతే చివరి మెట్టులో మనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

రెండో మెట్టు: మూసుకుపోయిన డ్రిప్పరును కోసి చూడండి

ఇన్నాళ్ళూ పేడ పీచు అడ్డం పడుతోందనే నా నమ్మకం. పాత లేటరల్ పైపుల నుంచి మూసుకుపోయిన డ్రిప్పర్లు కొన్ని బ్లేడుతో కోసి చూశాను. పీచు కొన్నింటిలోనే ఉంది. ఎక్కువ వాటిలో ఉన్నది జిగురు. నల్లగా, జారుగా, మట్టి అంటుకుని ఉంది. అంటే వడగట్టడం ఒక్కటే సమస్య కాదు. జీవామృతం వదిలాక నేను మోటారు ఆపేసి వెళ్ళిపోయేవాణ్ణి. బెల్లం, పిండి ఉన్న ద్రవం రాత్రంతా పైపులోనే ఉండిపోతే సూక్ష్మజీవులు ఊరుకుంటాయా? నేలలో చేయాల్సిన పని పైపు గోడ మీదే మొదలుపెడతాయి. అదే ఆ జిగురు.

రెండో సంగతి కొలతకు సంబంధించింది. డ్రిప్పరు లోపలి దారి సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. దారి ఎంత ఉంటే అందులో పదో వంతు దాకా వడగట్టాలన్నది డ్రిప్పు వాళ్ళ లెక్క. అందుకే డ్రిప్పు ఫిల్టర్లు సాధారణంగా 120 మెష్ ఉంటాయి, అంటే 0.13 మిల్లీమీటర్ల కన్ను. దోమతెర కన్ను మిల్లీమీటరు పైనే. డ్రిప్పరును మూయగల ముక్క దోమతెరలోంచి హాయిగా దాటిపోతుంది! నా మొదటి ఫిల్టరు కట్టిన రోజే ఓడిపోయింది, నాకు తెలియడానికి నెల పట్టింది.

రెండోది ఎందుకు ఓడిందో కూడా తెలిసింది. సన్న జాలీ సరైనదే. కానీ మొత్తం పేడ పీచునూ ఆ ఒక్క జాలీయే ఆపాల్సి వచ్చింది. జల్లెడ వేయకుండా చెత్త ధాన్యాన్ని నేరుగా మిల్లులో పోసినట్టు.

మూడో మెట్టు: పనిని ముక్కలు చేసి, ముక్కకు మూడు ఉపాయాలు రాయండి

పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కో చిన్న పనికి ఎన్ని దారులున్నాయో పట్టిక వేసే పద్ధతి ఒకటి ఉంది. ఫ్రిట్జ్ జ్విక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. నేను వేసుకున్న పట్టిక:

– పీచును వేరు చేయడం: పైన గుడ్డ కట్టడం / పేడను మూటగట్టి నీళ్ళలో వేలాడదీయడం / కదపకుండా వదిలి తేర్చడం
– సన్న మడ్డిని ఆపడం: సన్న నైలాన్ సంచి / డ్రిప్పుకు ఉన్న డిస్క్ ఫిల్టరు / రెండూ
– ద్రవం తీయడం: పైనుంచి ముంచి తీయడం / అడుగున కుళాయి / కాస్త ఎత్తులో కుళాయి
– లైనులోకి పంపడం: నీళ్ళ తొట్టిలో కలపడం / వెంచురీ
– లైను కడగడం: చివరి మూతలు తీసి వదలడం / తడిలోనే చివర కాసేపు మంచినీళ్ళు పంపడం

ఇలా రాశాక కళ్ళు తెరుచుకున్నాయి. "తేర్చడం" అనే మాట ఫిల్టరు అనుకున్నన్నాళ్ళూ తట్టనే లేదు. మా అమ్మమ్మ వాగు నీళ్ళను కుండలో తేర్చే తాగేది కదా! వెంటనే ఒక పైసా ఖర్చు లేకుండా పరీక్ష చేశాను. కలిపి పెట్టిన జీవామృతం ఒక ఖాళీ నీళ్ళ సీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా నీడలో ఉంచాను, మూత వదులుగా పెట్టి (బిగిస్తే గ్యాసుకు ఉబ్బుతుంది, జాగ్రత్త). పొద్దున చూస్తే పీచు నురగతో పైకి తేలింది, మట్టి, పిండి మడ్డి అడుగుకు దిగింది, మధ్యలో గోధుమ రంగు ద్రవం పలచగా ఉంది. మనకు కావాల్సింది ఆ మధ్యది. డ్రమ్ముకు బెజ్జం వేశాక మనసు మార్చుకుంటే డ్రమ్ము పోతుంది, సీసా దగ్గర మార్చుకుంటే ఏమీ పోదు. అందుకే చిన్న నమూనా ముందు.

నాలుగు ఏర్పాట్లను పోల్చడం

పట్టికలోంచి నాలుగు ఏర్పాట్లు తేలాయి. ఏది మంచిది? "నాకు ఇది నచ్చింది" అంటే కుదరదు. బ్రిటన్‌కు చెందిన స్టువర్ట్ పగ్ అనే డిజైన్ ఆచార్యుడు ఒక తేలిక పద్ధతి ఇచ్చారు. ఇప్పుడు వాడుతున్న దాన్ని కొలబద్దగా పెట్టుకోవాలి. ప్రతి కొత్త ఏర్పాటూ ఒక్కో అవసరంలో దానికంటే మేలైతే +, తక్కువైతే –, సమానమైతే 0 వేయాలి.

కొలబద్ద: పైన గుడ్డ కట్టిన డ్రమ్ము.

బెజ్జాల గొట్టం, సన్న జాలీ: మూసుకుపోకపోవడంలో +, బరువులో 0, కడగడంలో –, భాగాలు దొరకడంలో 0.
పేడ మూట: మూసుకుపోకపోవడంలో +, బరువులో –, కడగడంలో +, భాగాల్లో 0. (తడిసిన మూట పైకి లాగడం బరువే.)
తేర్చి మధ్యలోంచి తీయడం: మూసుకుపోకపోవడంలో +, బరువులో +, కడగడంలో +, భాగాల్లో 0.

ప్లస్సులు లెక్కపెట్టి గెలిచినదాన్ని పట్టుకుపోవడం ఈ పట్టిక ఉద్దేశం కాదు. మైనస్ ఎక్కడ ఉందో చూసి, దాన్ని ఇంకో ఏర్పాటులోని ప్లస్సుతో సరిచేయవచ్చా అని అడగాలి. మూటలోని బరువు మైనస్ పోవాలంటే ఒక పెద్ద మూట బదులు చిన్న మూటలు రెండు కట్టి, గెడకర్రకు వేలాడదీస్తే సరి. తేర్చడంలో తేలిపోయే పీచు బెడద కూడా మూటతో తగ్గుతుంది. అలా రెండూ కలిపాం.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. పేడ రెండు పలచని గుడ్డ మూటల్లో కట్టి డ్రమ్ములో వేలాడదీస్తాం. రోజుకు రెండుసార్లు కలిపేటప్పుడు మూటలను ముంచి పిండుతాం. పిండిని ముందు బక్కెట్లో ఉండలు లేకుండా కలిపి పోస్తాం. 48 గంటలు అయ్యాక చివరి రాత్రి కలపకుండా వదిలేస్తాం. డ్రమ్ము అడుగు నుంచి ఆరంగుళాల ఎత్తులో కుళాయి. కుళాయికి సన్న నైలాన్ సంచి. అక్కడి నుంచి వెంచురీకి. వెంచురీ డిస్క్ ఫిల్టరుకు ముందే ఉండాలి, తర్వాత కాదు. అలా ఉంటేనే తప్పించుకొచ్చిన మడ్డిని డిస్క్ ఫిల్టరు పట్టుకుంటుంది. డ్రమ్ము అడుగున 30 లీటర్ల పైన మడ్డి ద్రవం మిగులుతుంది. దాన్ని పారబోయం, మల్చింగ్ మీద చల్లేస్తాం. మూటలో మిగిలిన పేడ ఎరువు కుప్పలోకి.

ఏది చెడిపోవచ్చో ముందే ఊహించడం

అమెరికా సైన్యం 1949లోనే పద్ధతిగా రాసిపెట్టుకున్న లెక్క ఒకటి ఉంది. ఏ భాగం ఎలా చెడవచ్చు, చెడితే ఏమవుతుంది అని ముందే రాసుకోవడం. తర్వాత పరిశ్రమల్లో దానికి మార్కులు చేర్చారు. నష్టం ఎంత, ఎంత తరచుగా జరగొచ్చు, జరిగితే మన కంటికి పడుతుందా అనే మూడింటికీ 1 నుంచి 10 దాకా మార్కులు వేసి గుణించాలి. కంటికి పడనిదైతే ఎక్కువ మార్కు.

నేను వేసుకున్నవి:
– కుళాయి మూసుకుపోవడం: 3 × 6 × 1 = 18
– నైలాన్ సంచి చిరగడం: 8 × 3 × 7 = 168
– లైను కడగడం మర్చిపోవడం: 8 × 5 × 6 = 240

కుళాయి మూసుకుపోవడం చికాకు పెడుతుంది గానీ వెంటనే కనిపిస్తుంది, నష్టం లేదు. ఇన్నాళ్ళూ నేను గొడవపడింది దానితోనే! పంట తీసింది మాత్రం మూడోది. అందుకని కడగడాన్ని వేరే పనిగా ఉంచలేదు, తడిలోనే కలిపేశాం. ముందు 15 నిమిషాలు మంచినీళ్ళు, తర్వాత జీవామృతం, చివర 20 నిమిషాలు మంచినీళ్ళు, అప్పుడే మోటారు ఆపాలి. ఈ వరుసను మోటారు పెట్టె తలుపు మీద పెయింటుతో రాయించాను. నేను ఊళ్ళో లేని రోజు మా తమ్ముడు వేసినా ఇదే వరుస. నాలుగు తడులకోసారి లేటరల్ చివరి మూతలు తీసి వదులుతాం. సంచిని ప్రతిసారీ వెలుతురుకు పట్టి చూస్తాం.

నాలుగో మెట్టు: మళ్ళీ చూశాం

నాలుగుసార్లు జీవామృతం ఇచ్చాక అవే డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టాం. చివరి వరుసలోనూ 150 దాటింది. కానీ అంతా బాగుందని చెబితే అబద్ధం అవుతుంది. ఒక లైను మూలన ఉన్న డ్రిప్పర్లు 150 దగ్గరే ఆగాయి. ఆ లైను చివర కొంచెం ఎత్తు, కడిగే నీళ్ళు అక్కడికి వేగంగా చేరడం లేదు. దానికి మూతలు రెండు తడులకోసారి తీస్తున్నాం. ఇంకో సంగతి, చలికాలంలో పులియడం నెమ్మదిస్తుంది, తేరడం కూడా మారుతుంది. అందుకని చలికాలంలో సీసా పరీక్ష మళ్ళీ చేస్తాం. "ఫిల్టరు అయిపోయింది" అనే రోజు ఉండదు.

బిందెలు మాత్రం షెడ్డు ఎక్కాయి. మా ఆవిడ ఆ గంటన్నరలో బంతిపూలు కోస్తోంది.

మీరు చేయాల్సింది

ఫిల్టరే కాదు, కలుపు తీసే పరికరమైనా, కషాయం వడగట్టే సంచి అయినా ఇదే వరుస:

1. అవసరం రాయండి, పనిముట్టు పేరు రాయకండి. ఒక కొలత పెట్టుకోండి.
2. ఇప్పుడున్నది ఎందుకు చెడిందో విప్పి, కోసి చూడండి.
3. పనిని ముక్కలు చేసి, ముక్కకు మూడు దారులు రాయండి. అప్పుడు వీడియోలు చూడండి.
4. పాతదాన్ని కొలబద్దగా పెట్టి పోల్చండి. మైనస్‌లను కలిపి సరిచేయండి.
5. సీసాలో, బక్కెట్లో చిన్నగా చేసి చూడండి. ఆ తర్వాతే డ్రమ్ముకు బెజ్జం.
6. నెల తర్వాత అదే కొలతతో మళ్ళీ కొలవండి.

ఇక వీడియో చేసే రైతు మిత్రులకు ఒక మనవి. చేసిన రోజు వీడియో తీయండి, తప్పులేదు. అదే చోట నిలబడి నెల తర్వాత ఇంకొకటి తీయండి. చెడిపోయి ఉంటే చెడిపోయిందనే చూపించండి. నా చివరి వరుస టమాటా ఎండిన వీడియో ఎవరైనా ముందే తీసి పెట్టి ఉంటే, నాకు ఆ వరుస మిగిలేది. మీ వీడియో చూసి ఇంకో రైతుకు ఒక వరుస మిగిలినా చాలు.

వచ్చే నెల ఇదే డ్రమ్ము దగ్గర, ఇవే గిన్నెలతో మళ్ళీ కలుద్దాం. నమస్తే.